అక్క వంట, తమ్ముడి వేళ్లు

గడియారాలు బాగుచేసే అతన్ని వీధి వీధంతా సెకన్ల మాస్టారు అనేది. "సెకన్లలో అయిపోతుంది, నిలబడండి" అంటూ గంటసేపు నిలబెట్టే మనిషి. అయినా ఎవరూ విసుక్కునేవారు కాదు. కంటికి భూతద్దం బిగించుకుని, ఆవగింజంత మరను పట్టకారుతో పట్టి దాని చోట్లో కూర్చోబెడుతుంటే చూసేవాళ్లే ఊపిరి బిగబట్టేవారు. అలాంటివాడికి నలభై ఏడో ఏట వేళ్లు వాచాయి. పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి ముడుచుకునేది కాదు. చొక్కా గుండీలు భార్య పెట్టాల్సి వచ్చేది.

ఇది కీళ్లు అరిగి వచ్చిన నొప్పి కాదంది డాక్టరమ్మ. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారితప్పి కీళ్ల మీద పడిందనీ, లోపల మంట రగులుతోందనీ చెప్పి, వారానికోసారి వేసుకునే మాత్రలు రాసింది.

సంగతి తెలిసి అక్క పెట్టె పట్టుకుని వచ్చేసింది. ముప్పై ఏళ్లు హాస్టల్లో వండి వండి ఆ మధ్యే పని మానుకున్న మనిషి. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఎత్తి పెంచిన తమ్ముడొక్కడే ఆమెకు అన్నీ. వస్తూనే వంటింట్లోకి నడిచి డబ్బాల మూతలన్నీ తీసి చూసింది. మైదా బిస్కెట్లు, వేపుళ్లు, పొట్లాల్లో వచ్చే చిరుతిళ్లు.

"ఇది తిండేనట్రా? గోడకి పూసే సున్నం నయం!"

"తిండికీ వేళ్లకీ ఏంటక్కా సంబంధం?"

"అమ్మమ్మ డెబ్భై ఎనిమిదేళ్లకి కూడా సూదిలో దారం తనే ఎక్కించుకునేది. ఆవిడేం తినేదో నాకు తెలుసు. నోరు మూసుకుని పెట్టింది తిను."

ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో అమ్మమ్మ నాటి తిండే. పొట్టు తీయని ముతక ధాన్యం, పప్పులు, రోజుకో ఆకుకూర. చీకటి పడకముందే భోజనం, మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ లేదు. "వదినా, ఇంకో వారం పోతే ఈయన మేకలా అరుస్తారేమో" అని మరదలు నవ్వింది.

నాలుగు నెలలకి వాపులు తగ్గాయి. రక్తపరీక్షలో మంట సగానికి దిగిందని కాగితం చూసి డాక్టరమ్మ సంతోషపడింది. "ఈ తిండి మానకండి. మాత్రలూ మానకండి" అని రెండుసార్లు చెప్పింది.

కానీ మాత్ర వేసుకున్న రోజల్లా అతనికి కడుపులో తిప్పేది. ఒక మధ్యాహ్నం అక్క ఆకుకూర తుంచుతుంటే పక్కన చతికిలబడి అడిగాడు. "బాగానే ఉంది కదక్కా, ఇంక మానేస్తే?"

అక్క తలెత్తనైనా లేదు. "అమ్మమ్మ ఏ మాత్రలు వేసుకుందిరా?"

అంతే అన్నది. అతను లేచి వెళ్లి మాత్రల అట్ట చెత్తబుట్టలో పడేశాడు.

రెండు నెలలు ఏమీ కాలేదు. వీధిలో ఆడవాళ్లు వచ్చి అక్క దగ్గర వంట నేర్చుకున్నారు. జీవితంలో మొదటిసారి ఆమె నలుగురిలో తలెత్తుకుని మాట్లాడింది. ఆ తర్వాత ఒక పొద్దున స్నానాలగది కుళాయి తమ్ముడి చేతికి తిరగలేదు. మణికట్లు రెండూ ఉబ్బి ఎర్రబడ్డాయి.

"నిజం చెప్పు, బయట ఏం తిన్నావు?" అని నిలదీసింది అక్క.

"ఎవరో పెడితే... రెండు బిస్కెట్లు."

"అదీ సంగతి! నీ నోరే నీ శత్రువు!"

పాలు మాన్పించింది, ఉప్పు తగ్గించింది, ఒక పూట భోజనం ఎత్తేసింది. అతను తప్పు చేసినవాడిలా తల వంచుకుని పెట్టింది తిన్నాడు. నొప్పికి పళ్లు బిగపట్టి మూడు నెలలు గడిపాడు. మనిషి సగమయ్యాడు. చివరికి మరదలు వదిన మాట వినకుండా, అతన్ని ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లింది. అక్క కూడా వెంట వెళ్లింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసింది. కీళ్ల దగ్గర ఎముక అంచులు కొరికేసినట్టున్నాయి.

"మళ్లీ మాత్రలు మొదలుపెడదాం. నొప్పి తగ్గుతుంది. పోయిన ఎముక మాత్రం రాదు."

"నా వంట వల్లేనా అమ్మా? మా అమ్మమ్మ తిన్న తిండే కదా పెట్టాను" అంది అక్క.

"మీ వంట మంచిదేనమ్మా. అది సాయం చేసింది కూడా. ఒంటరిగా ఈ జబ్బుని ఆపే బలం దానికి లేదు. మీ అమ్మమ్మగారికి ఈ జబ్బు లేదు కదా."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అక్కకి అమ్మమ్మ చెల్లెలు గుర్తొచ్చింది. వెనక గదిలో మంచం మీద, వేళ్లన్నీ ఒక పక్కకి ఒరిగిపోయి, ఎవరైనా నోట్లో పెడితే తప్ప తినలేని మనిషి. ఆవిడా అదే కుండలో వండింది తిన్నది. అవే ఆకుకూరలు, అదే ముతక ధాన్యం. చిన్నప్పుడు తనే ఆమెకి ముద్దలు పెట్టేది. ఇన్నాళ్లూ సూదిలో దారం ఎక్కించిన చేతులే జ్ఞాపకమున్నాయి తప్ప, ఈ చేతులు ఒక్కసారైనా గుర్తుకు రాలేదు.

మాత్రలతో నొప్పి తగ్గింది. వేళ్లు మాత్రం వంకరపోయి అలాగే నిలిచిపోయాయి. కొట్టు మూసేశారు. పట్టకార్లూ భూతద్దమూ ఎవరో కుర్ర మెకానిక్‌కి ఇచ్చేశాడు. మరదలు బట్టలకొట్లో పనికి కుదిరింది.

అక్క పెట్టె సర్దుకుంది. తమ్ముడు గుమ్మంలో నిలబడి, "నువ్వన్నావని కాదక్కా, నేనే మానేశాను" అన్నాడు. తిట్టినా బాగుండును అనిపించింది ఆమెకి.

మరదలు పెట్టె లాక్కుని లోపల పెట్టింది. ఆమె మొహంలో కోపమూ లేదు, జాలీ లేదు. "మీరు వెళ్లిపోతే మధ్యాహ్నం ఆయనకి అన్నం ఎవరు పెడతారు వదినా?" అని చెప్పులేసుకుని పనికి వెళ్లిపోయింది.

పన్నెండయ్యాక అక్క పళ్లెంలో అన్నం కలిపి ముద్ద చేసింది. అతను చేతులు ఒళ్లో పెట్టుకుని, గోడకేసి చూస్తూ నోరు తెరిచాడు.