నాన్న ఎగ్గొట్టిన ప్రసంగం

నేను ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. పొద్దున్నే కళ్లె, చీము, మూత్రం సీసాల్లో పట్టుకుని జనం నా కిటికీ ముందు వరస కడతారు. మూతలు తీసి, స్లైడు మీద పులిమి, చేతులు కడుక్కుని అక్కడే పక్క గదిలో సుబ్బరంగా భోజనం చేస్తాను. అలాంటి నాకు మా చర్చిలో జరిగిన నాన్న జ్ఞాపకార్థ కూడికలో కడుపులో తిప్పింది.

బ్యానరు చూడగానే మొదలైంది. వేదిక వెనక గోడంతా నాన్న ముఖమే. తల చుట్టూ వెలుగు కిరణాలు, భుజాల మీద చెరో పావురం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన ముక్కు మీద ఉన్న కళ్లజోడు మాత్రం లేదు. "అద్దాల మీద లైటు పడి బాగా రాలేదమ్మా, తీసేశాం" అన్నాడు బ్యానరు వేసినాయన. కళ్లజోడు లేకపోతే నాన్నకు ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో తెలిసేది కాదు. అలాంటాయన సంఘాన్నంతా కళ్లారా చూస్తున్నట్టు నిలబెట్టారు.

నాన్న వయసులో ఉన్నప్పుడు ఈ సంఘానికే పాస్టరు అయ్యగారు. ఆ తర్వాత పోయేదాకా బైబిలు పాఠశాలలో ప్రసంగం ఎలా తయారుచేయాలో నేర్పారు. "చూడనిది చూసినట్టు చెప్పకండి. చెప్పడానికి ఏమీ లేకపోతే కిందికి దిగండి." మొదటి రోజు పాఠమూ అదే, చివరి రోజు పాఠమూ అదే. సాయంత్రం గంట కొడితే తిన్నగా ఇంటికి వచ్చేవారు. పెద్ద పెద్ద సభలకు పిలిస్తే, "మా అమ్మాయి చేత ఎక్కాలు అప్పచెప్పించుకోవాలండీ" అని మానేసేవారు. తోటి దైవజనులు నవ్వుకునేవారు. నా జడలు ఆయనే వేసేవారు. అవి ఎప్పుడూ ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండేవి. అమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఒక చేత్తో కాపడం పెడుతూ ఇంకో చేత్తో పాఠం రాసుకునేవారు.

ఈ సంఘంలో ఆయన పాస్టరు పని ఎందుకు పోయిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. నా చిన్నప్పుడు తమ్ముడికి మెదడువాపు జ్వరం వచ్చింది. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లమన్నారు ఆసుపత్రి వాళ్లు. సరిగ్గా ఆ మర్నాడే ఇక్కడ మహాసభ, ప్రసంగం నాన్నది. నాన్న వెళ్లలేదు. తమ్ముడు ఆయన ఒళ్లోనే పోయాడు. సమాధి మట్టి ఆరకముందే పెద్దలు ఇంటికి వచ్చి, మందను గాలికి వదిలి ఇంట్లో కూర్చున్నవాడు కాపరిగా పనికిరాడని తేల్చారు. సంఘం ఇచ్చిన ఇల్లు ఖాళీ చేయించారు. అయినా ఆదివారం ఆరాధనకు మేం ఇక్కడికే వచ్చేవాళ్లం. అప్పుడు అందరికంటే ముందు నిలబడి మాట్లాడిన పెద్దాయనే ఇవాళ ఈ కూడికకు అధ్యక్షుడు. తడిగుడ్డతో గొంతు కోసే రకం. వేదిక మీద తెల్లబట్టల్లో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

మొదట మాట్లాడినాయన తన గురించి చెప్పుకున్నాడు. తర్వాతి ఆయన తను కడుతున్న గుడి గురించి చెప్పాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, ఓర్చుకున్నాం. అప్పుడు లేచాడు నాన్న పాత విద్యార్థి. తరగతిలో నాన్న అతనికి పెట్టిన పేరు గర్జన. ఇప్పుడు పేరున్న బోధకుడు. అతని మాటలు లక్షలమంది ఫోన్లలో వింటారట. నాన్న మంచాన పడ్డాక ఒక్కసారి చూడటానికి వచ్చాడు, కెమెరా పట్టుకునే మనిషిని వెంటేసుకుని.

"ఆ రోజు గురువుగారి ఏకైక కుమారుడు మరణపడక మీద ఉన్నాడు!" అని మొదలుపెట్టాడు. "వెళ్లొద్దని భార్య కాళ్లు పట్టుకుంది. ఆయనేమన్నారో తెలుసా? నా కొడుకు ఒక్కడే, దేవుని పిల్లలు వేలమంది అన్నారు! ఆమెను పక్కకు తోసి వచ్చి ఈ వేదిక ఎక్కారు! ఇక్కడ ఆయన ఆమేన్ అన్న క్షణంలోనే అక్కడ ఆ బిడ్డ ప్రాణం విడిచాడు!"

కీబోర్డతను సన్నగా అందుకున్నాడు. ఎవరి గొంతు వణికినా దాని కింద ఒక రాగం పరవడం అతని పని. హాలంతా హల్లెలూయా అంది. మా వెనక కూర్చున్నావిడ ముక్కు చీది, ఆ చేత్తోనే చప్పట్లు కొట్టింది. అధ్యక్షుడు పొడి కళ్లు తుడుచుకున్నాడు. నాన్నను గెంటేసిన మనిషికి అసలు సంగతి తెలియకేం! ఆ తుడుచుకోవడం చూస్తే నాకు వాంతి వచ్చినంత పనైంది. చచ్చిపోయిన పసివాణ్ణి కూడా వదలరా వీళ్లు?

గర్జన దిగి వచ్చి మా వరసలోనే కూర్చున్నాడు. నేను వంగి అడిగాను.

"ఏంటన్నా ఆ మాటలు? నాన్న ఇంట్లోనే ఉన్నారు. క్లాసులో మీకు ఆయనే చెప్పారు కదా?"

"చెప్పారు చెల్లెమ్మా. కానీ ఇంట్లో కూర్చున్నాడంటే అందులో జనాన్ని కదిలించే సాక్ష్యం ఏముంటుంది?" నవ్వుముఖంతోనే అన్నాడు. "జనం కన్నీళ్లు చూశావుగా. గురువుగారి పేరు నిలబెట్టాను."

"లేచి, అది అబద్ధమని చెప్పు."

"లైవ్ పోతోందమ్మా" అని మొహం ముందుకు తిప్పుకున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇది ఇలాగే ఫోన్లలోకి వెళ్లిపోతే, రేపటి నుంచి నాన్న అంటే కన్నకొడుకును చావుకు వదిలేసి మైకు పట్టుకున్న మనిషి. తమ్ముడేమో తండ్రి కోసం చూస్తూ చూస్తూ పోయిన పిల్లాడు. నేను లేవబోయాను. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"చివరగా అమ్మగారు కృతజ్ఞతగా రెండు ముక్కలు చెప్తారు" అన్నాడు అధ్యక్షుడు. "దుఃఖంలో ఉన్నారు, ఎక్కువ శ్రమ పెట్టం."

అమ్మ మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కింది. కీబోర్డు మళ్లీ మొదలైంది.

"కాసేపు అది ఆపు నాయనా, నా మాట నాకే వినబడటం లేదు" అంది. ఆపాడు.

"నేను ఆయన కాళ్లు పట్టుకోలేదు. ఆయన నన్ను తొయ్యలేదు. ఆ రోజు ఆయన అసలు ఇక్కడికి రానేలేదు. రాలేదనే కదండీ పెద్దాయనా, మీరు మా సామాను వీధిలో పెట్టించారు?"

ఉన్న మాటంటే ఉలుకెక్కువ. పెద్దాయన తటాలున లేచి రెండో మైకు అందుకున్నాడు. "అమ్మగారు బాధలో తడబడుతున్నారు. అందరం తలలు వంచి, కళ్లు మూసుకుని, ఆమె కోసం ప్రార్థన చేద్దాం!"

మూసుకున్నారు! హాలు హాలంతా, చెప్పడమే తరువాయి అన్నట్టు. దేవుడికి మధ్యలో ఒక్క మాట మాట్లాడే సందు ఇవ్వకుండా పెద్దాయన ప్రార్థించాడు. ఆదరించమన్నాడు, ఓదార్చమన్నాడు, అపవాది అయిన సాతాను నోరు మూయించమన్నాడు. వంచిన ఆ తలల వరసలు చూస్తుంటే, ఇన్నేళ్లూ వీళ్ల పక్కన కూర్చుని పాటలు పాడినందుకు నా మీద నాకే రోత పుట్టింది. అమ్మ మాత్రం కళ్లు తెరుచుకునే నిలబడింది. ఇక దిగి వచ్చేస్తుందనుకున్నాను.

"ఆమేన్" అన్నారు అందరూ.

"అయిందా?" అంది అమ్మ. "అయితే కూర్చోండి. నేను చెప్పాల్సింది ఇంకా ఉంది."

పెద్దాయన నిలబడే ఉన్నాడు. అమ్మ ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"ఆయన్ని ఆ రోజు సభకు వెళ్లమన్నది నేనే. ఇది మా అమ్మాయికి కూడా తెలీదు. వెళ్లకపోతే ఈ ఇల్లు పోతుంది, ఆడపిల్లను పెట్టుకుని ఎక్కడికి పోతాం, పిల్లాణ్ణి నేను చూసుకుంటాను, మీరు వెళ్లి చెప్పి రండి అన్నాను. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి చేతికిచ్చాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ చొక్కాను చిన్నగా మడిచి, వాడి తల కింద పెట్టారు."