శాంపిల్ ఫ్లాట్ ముందు చెంబుల వరుస

నేను ఒక చేతిమైకును. గొట్టం ఎరుపు, పిడి తెలుపు, గొంతు మాత్రం అచ్చం గాడిదది. ఏ దేశంలో పుట్టానో నాకు తెలియదు. నా పొట్ట మీద అతికించిన చీటీలోని లిపిని ఇప్పటిదాకా ఒక్కరూ చదవలేకపోయారు. ఏ పనికి పుట్టానో మాత్రం మొదటి వారంలోనే తెలిసిపోయింది. మామూలుగా చెబితే ఎవరూ వినని మాటలను గట్టిగా చెప్పడానికి.

నా మొదటి యజమాని ఎన్నికల్లో నిలబడ్డ ఒక పెద్దమనిషి. ఏ పార్టీ అని అడగకండి. ప్రచారం మొదలైనప్పుడు ఒకటి, ముగిసేసరికి మరొకటి. పదిహేను రోజులు ఆటో మీద ఊరేగుతూ ‘ప్రతి పేదవాడికీ ఇల్లు’ అని అరిచాను. ఎంత నమ్మకంగా అరిచానంటే, నాకే ఓటుంటే వేసేసేదాన్ని. ఆయన గెలిచి, ఇచ్చిన మాటను తనతోనే మొదలుపెట్టాడు. ఆయన ఇంటి మీద మూడో అంతస్తు లేచింది. నన్ను హైదరాబాదు పాతసామాన్ల బజారులో, ఒక మిక్సీ జారుకీ రెండు ఎడమకాలి బూట్లకీ మధ్య పెట్టి అమ్మేశారు.

కొన్నవాడు ఉల్లిగడ్డల ఓదెలు. భార్య నర్సవ్వతో కలిసి తోపుడుబండి నడిపేవాడు. కొన్న రోజే నా పొట్టలో తన గొంతు నింపాడు. “ఉల్లిగడ్డలే ఉల్లిగడ్డ! కోస్తె కండ్ల నీళ్లు రావు, వస్తె గడ్డలు వాపస్!” నా పొట్టలో ఒక్క మాటల మూటే పడుతుంది. కొత్తది నింపితే పాతది పోతుంది. రెండేళ్లకు ఓదెలు కామెర్లతో పోయాడు. నర్సవ్వ మూడో వారానికే బండి తీసి, ఆ గొంతుతోనే అమ్మడం మొదలుపెట్టింది. మొగుడు పోయినా అరుపు పోలేదే అని ఆడవాళ్లు ఆటపట్టిస్తే తనూ నవ్వేది. “బతికున్నన్ని రోజులు ఆయన మాట నేను ఇనలే. గిప్పుడు పొద్దుమాపు ఇంటున్న,” అనేది.

నర్సవ్వ ఉండేది గోదాం పోర్షన్లలో. ఒకప్పటి పత్తి గోదాముకు అడ్డగోడలు కట్టి ఇరవయ్యారు గదులు చేశారు. నాలుగు పాయిఖానాలు, ఒక కుళాయి, మధ్యలో వాకిలి. ఆటోలు తోలేవాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, వాచ్‌మన్లు ఉండేవారు. దగ్గర్లో మెట్రో స్టేషను వచ్చింది. అది వచ్చిన ఏడాదికి మూలమీది ఇరానీ హోటలు పోయి గాజు తలుపుల కాఫీ దుకాణం వెలిసింది. మటన్ కొట్టు ఉన్నచోట కుక్కలకు తలంటు పోసే దుకాణం పెట్టారు. కుక్కలకే అంత మర్యాద జరుగుతోందంటే మనుషులకు రోజులు దగ్గరపడ్డాయని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అనుకున్నట్టే గోదాం ఓనరు ఆ స్థలాన్ని ఒక బిల్డరుకు అప్పగించాడు.

బిల్డరు తరఫున సుధాకర్ అనే ఆయన వచ్చాడు. మెత్తటి మాట, ఇస్త్రీ చొక్కా, చేతిలో మిఠాయి డబ్బా. ఒక్కో తలుపు తట్టి ఒకటే మాట చెప్పాడు. “అమ్మా, అందరూ ఖాళీ చేస్తమని సంతకం పెట్టేసిండ్రు. మీదొక్కటే మిగిలింది. ఆలస్యమైతే మీకే నష్టం.” ఇరవయ్యారు ఇళ్లలోనూ అదే మాట, అదే మిఠాయి. ఎవరికి వారు పక్కవాళ్లు మోసం చేశారనుకుని తలుపులు వేసుకున్నారు. ముప్పై ఏళ్లుగా ఒకే కుళాయి దగ్గర పోట్లాడుకున్నవాళ్లు పోట్లాట కూడా మానేశారు.

అబద్ధం బయటపడింది ఒక కుట్టుమిషను దగ్గర. ఏడో నంబరు గదిలో జహీరా బేగం జాకెట్లు కుట్టేది. ఒకరోజు పొద్దున జాకెట్టు గుడ్డ తెచ్చిన ఇద్దరు గోదాం ఆడవాళ్లను, “ఖాళీ చేసిపోతున్నరట గదా, ఎప్పటిలోగా కుట్టియ్యాలె?” అని అడిగింది. ఇద్దరూ ఒక్కసారే, “మేమెందుకు పోతం? మీరే పోతున్నరట గద!” అన్నారు. జహీరా కత్తెర కింద పెట్టి నేరుగా నర్సవ్వ దగ్గరికి వచ్చింది.

“అక్కా, నీ మైకు కావాలె. ఒకరు తెల్లారక ముందు పోతరు, ఇంకొకరు చీకటి పడ్డంక వస్తరు. అందరికీ ఒక్కసారి చెప్పలేం. దీంట్ల మాట నింపి కుళాయికాడ వేలాడదీస్తే పొద్దంత అదే చెప్తది.”

నర్సవ్వ నన్ను ఒళ్లోకి లాక్కుంది. జహీరాకు సంగతి అర్థమైంది. “ఓదెలన్న గొంతు పోతది గదా. వద్దులే అక్కా, నేనే ఇల్లిల్లూ తిరుగుత,” అంది.

“తలుపు తెరిస్తే గదా నువ్వు చెప్పేది,” అంది నర్సవ్వ.

ఆ మధ్యాహ్నం గడప మీద కూర్చుని మీట నొక్కింది. ఓదెలు కండ్ల నీళ్లు రావన్నాడు. నర్సవ్వకు వచ్చాయి. మళ్లీ నొక్కింది, మళ్లీ విన్నది. మూడోసారి మొదలయ్యేలోపు ఆపేసి, “ఇగ చాలుతియ్యి, నీ గడ్డలు ఎవ్వలు వాపస్ దేలే,” అంటూ ఎర్ర మీట నొక్కింది. మనుషుల మాటలు ఎన్నో మోశాను గానీ, ఒక మనిషి నాలోంచి పోవడం అదే మొదటిసారి. పొట్ట తేలికైంది. బాగాలేదు. ఆ ఖాళీలో నర్సవ్వ తన మాట నింపింది.

“గోదామోళ్లందరికి చెప్తున్న. ఎవ్వలు సంతకం పెట్టలే. సుధాకర్ సారు అబద్ధం జెప్పిండు. ఆదివారం పొద్దుగాల తొమ్మిదింటికి వాకిట్ల కూసుందం. ఎవరి పీట ఆళ్లు తెచ్చుకోండ్రి.”

నాలుగు రోజులు కుళాయి కంబానికి వేలాడి ఇదే పాడాను. కాకులు కూడా విసుగెత్తి ఎగిరిపోయాయి. నర్సవ్వ సొంత గొంతుతో ఉల్లిగడ్డలు అమ్మి, సాయంత్రానికి మాట పడిపోయి తిరిగొచ్చేది.

ఆదివారం అందరూ వచ్చారు. “సంతకం పెట్టినోళ్లు చెయ్యి లేపుండ్రి,” అన్నది నర్సవ్వ. ఒక్క చెయ్యి లేచింది. అందరి తలలూ అటు తిరిగాయి. ఆమె వాచ్‌మన్ తల్లి. ఆమెకు చెవుడు. చాయ్ ఎవరికి కావాలని అడిగారనుకుందట. అప్పుడు పుట్టిన నవ్వుతోనే మూసుకున్న తలుపులు తెరుచుకున్నాయి. ఒంటరిగా ఎవరూ సంతకం పెట్టకూడదని, ఏ కాగితమైనా వాకిట్లోనే చదవాలని, కొత్త కట్టడంలో తాము భరించగల కిరాయికి గదులు అడగాలని తీర్మానించి, కిరాయికుండేవాళ్ల సంఘం అని పేరు పెట్టుకున్నారు.

సుధాకర్ జవాబు బుధవారం వచ్చింది. అందరూ పనులకు పోయిన వేళ నలుగురు మనుషులు దిగి, నాలుగు పాయిఖానాల తలుపులూ ఊడదీసి ట్రాలీలో వేసుకున్నారు. జహీరా అడ్డుపడితే, “రిపేరుకమ్మా, రెండ్రోజుల్ల తెస్తం,” అన్నారు. రెండు రోజులు గడిచాయి. ఠాణాకు పోతే, తలుపులు ఓనరువి, కోర్టుకు పొమ్మన్నారు. ఒకరు లోపలికి పోతే ఇద్దరు చీర అడ్డం పట్టుకుని నిలబడేవారు. ఎదిగిన పిల్లలు బడికి పోయేదాకా నీళ్లు తాగడం మానేశారు. రెండు కుటుంబాలు మూటలు కట్టుకోవడం మొదలుపెట్టాయి. అది చూసిన రోజు నర్సవ్వ అన్నం ముట్టలేదు.

వీధి చివర బిల్డరు శాంపిల్ ఫ్లాటు పెట్టాడు. ఆదివారం బెలూన్లు కట్టి, కొనేవాళ్లను కార్లలో రప్పించేవాడు. ‘మూడు అధునాతన బాత్రూములు. రండి, చూడండి!’ అని ఇంతింత అక్షరాల బోర్డు. ఆ ఆదివారం పదింటికి ఇరవయ్యారు కుటుంబాలూ చేతిలో చెంబులతో ఆ గుమ్మం ముందు వరుస కట్టాయి. అందరికంటే ముందు నర్సవ్వ. ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో నేను.

సుధాకర్ పరిగెత్తుకొచ్చాడు. “ఏందమ్మా ఇది? కొనే పార్టీలొచ్చిన టైముల!”

“మా తలుపులు రిపేరుకు పోయినయ్ సారూ. మీ ఇంట్ల మూడున్నయట. రండి, చూడండి అని మీరే రాసిండ్రు గద. సూడొచ్చినం. తొందరేం లేదు, లైన్ల నిలబడతం.”

“అయ్యో, అవి ఊరికే షోకమ్మా! నీళ్ల కనెక్షనే లేదు!”

నర్సవ్వ నన్ను ఆయన నోటి దగ్గరే పట్టుకుని ఉంది. ‘నీళ్ల కనెక్షనే లేదు’ అన్న మాట వీధి ఆ చివరి దాకా పోయి, కాఫీ దుకాణం అద్దాలకు తగిలి తిరిగొచ్చింది. కొనడానికి వచ్చిన ఒక పెద్దాయన చెక్కుబుక్కు జేబులో పెట్టుకుంటూ భార్యతో, “శాంపిల్లోనే నీళ్లు లేకపోతే అసలింట్లో వస్తాయా?” అన్నాడు. కార్లు ఒక్కొక్కటే కదిలాయి. నా బతుకులో అంత గొప్ప ఉపన్యాసం మరొకటి చేయలేదు. అదీ అవతలివాడి మాటే.

మధ్యాహ్నానికి తలుపులు తిరిగొచ్చాయి. వాటిలో ఒకటి కొత్తది, గొళ్లెంతో సహా. ఆ తొందరలో ఎవరింటిది ఊడబీక్కొచ్చారో నేటికీ తెలియదు.

ఆ తర్వాత కథ అంత సరదాగా సాగలేదు. గోదాంవాళ్లు వేసిన కేసుకు కోర్టులో వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ఏడు కుటుంబాలు విసిగి, ఇచ్చింది తీసుకుని వెళ్లిపోయాయి. నర్సవ్వ మొదట వాళ్లను తిట్టింది, తర్వాత సామాన్లు ఎక్కించడానికి సాయం పట్టింది. ఏడాది దాటాక సుధాకర్ ఒప్పందం కాగితం తెచ్చాడు. జహీరా నా ముందు నిలబడి అక్షరం వదలకుండా చదివింది. ‘వీలైతే గదులు కేటాయించబడును’ అన్నచోట ఆగింది.

“ఈ ‘వీలైతే’ కొట్టేయండి సార్.”

“అది ఊరికే రాస్తరమ్మా.”

“ఊరికేదైతే ఊరికెనే కొట్టెయ్యి,” అంది నర్సవ్వ.

కొట్టేశాడు.

నాలుగేళ్లకు కట్టడం లేచింది. ముందువైపు ఇరవై అంతస్తుల అద్దాల మేడ. వెనకవైపు, చెత్తగది పక్కన, లిఫ్టు లేని మూడంతస్తుల్లో పంతొమ్మిది గదులు. గొప్పగా లేవు. కానీ వాళ్లవే, వాళ్లు అడిగిన కిరాయికే. జహీరా మొదటి అంతస్తులో మిషను పెట్టింది. ముందు మేడవాళ్లు గేటు లోపల మైకు వాడకూడదని నోటీసు అతికించి, బాల్కనీలోంచి తాళ్లకు బుట్టలు కట్టి నర్సవ్వ దగ్గరే కొంటారు. నన్ను వానలు దెబ్బతీశాయి, బ్యాటరీలు కారి పొట్ట తుప్పుపట్టింది. నోరు పోయి నర్సవ్వ కిటికీలో కూర్చున్నాను. మాట పోయాక వినడం బాగా అలవడింది.

మొన్న సాయంత్రం ముందు మేడలోంచి ఒక అమ్మాయి వచ్చింది. కీర్తన అట. మెడలో ఆఫీసు ట్యాగు ఇంకా తీయలేదు. కిరాయి రెట్టింపు ఇచ్చేవాళ్లు దొరికారని ఫ్లాటు ఓనరు నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాడట.

“ఆంటీ, మీకు అద్దెకుండేవాళ్ల సంఘం ఉందట కదా. అందులో మాలాంటివాళ్లు చేరొచ్చా?”

“మీ మేడల కిరాయికుండేటోళ్లు ఎంతమంది బిడ్డా?”

“తెలీదాంటీ.”

“పక్కింటోళ్ల పేరేంది?”

కీర్తన ట్యాగు తాడును వేలికి చుట్టుకుంది. “పేరు తెలీదు. వాళ్ల వైఫై పేరు తెలుసు.”

జహీరా పకపకా నవ్వింది. నర్సవ్వ నవ్వలేదు. లేచి వెళ్లి అలమరలోంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

“పొయ్యి వాళ్ల తలుపు కొట్టు. చక్కెర అడుగు. ఇచ్చినంక పేరడుగు. సంఘం ముచ్చట తర్వాత.”

“చక్కెర మా ఇంట్లో ఉంది ఆంటీ.”

“ఉంటది బిడ్డా. అయినా అడుగు.”

కీర్తన ఖాళీ గ్లాసు పట్టుకుని లిఫ్టు వైపు నడిచింది.