సన్నది చాలప్పా

స్విచ్చు పెట్టె తలుపు తెరవగానే ఎలక్ట్రీషియన్ కుప్పయ్య ముఖం చిట్లించాడు. మళ్ళీ అదే పని. మాడిపోయిన ఫ్యూజు రెండు కొసలకూ రాగితీగ చుట్టబెట్టారు. దాని మీద నూలు దుమ్ము జిడ్డుగా పేరుకుంది. ఛీ, ఏం మనుషులో! నగరిలో ఏ మరమగ్గాల షెడ్డుకు పోయినా ఇదే మాడు కంపు. మీసాలు నెరిసేదాకా ఈ తీగలు పీకడంతోనే సరిపోయింది అతని బతుకు. ఇంట్లో అన్నం ముద్ద కూడా ఆ వాసనే కొడుతుంది.

షెడ్డు యజమాని గోవిందు తల గోక్కుంటూ, మగ్గం ఆగితే చీర ఆగిపోతుంది కదా అన్నాడు. మంచివాడే, మొన్నమొన్నటిదాకా చేతిమగ్గం నేసినవాడు. రాగితీగ తెగదని, మోటారు చెడి ఇనుములోకి కరెంటొస్తే మనిషి పోతాడని కుప్పయ్య ఎన్నిసార్లు మొత్తుకున్నాడో! ఇక చెప్పబుద్ధి కాలేదు. తీగ పీకి కాలవలోకి విసిరేసి, సంచిలోంచి చేతికందిన రెండు సైజుల కొత్త ఫ్యూజులు తీసి అతని చేతిలో పెట్టాడు. అవతలి షెడ్డువాళ్ళు ఫోను మీద ఫోను చేస్తున్నారు.

"రెండూ ఒకే మాదిరి ఉండాయే అన్నా?"

"నంబరు రాసుండాది, సూసుకో. నీ మగ్గాలకు సన్నది చాలప్పా."

గోవిందు నవ్వి తలూపాడు. నంబరు చూడడం నేతగాడికి కొత్తా?

మధ్యాహ్నం అవతలి షెడ్డు దగ్గర టీ తాగుతుంటే కబురొచ్చింది. కుప్పయ్య పరుగున వెళ్ళేసరికి గోవిందును మగ్గం పక్కన పడుకోబెట్టి ఉన్నారు. మోటారు వైరు ఒరుసుకుపోయి మగ్గం ఇనుముకు తగిలిందట. ప్రాణం అప్పటికే పోయింది. భార్య చంద్రకాంతమ్మ అతని ముఖం మీది నూలు దుమ్మును కొంగుతో తుడుస్తూ ఉంది.

కుప్పయ్య స్విచ్చు దించి ఫ్యూజు లాగి చూశాడు. అరవై మూడు. ఎంత కరెంటు పారినా గమ్మున మోసే లావుపాటి తీగ ఉంటుంది దాని లోపల. నంబరు చదవడం కూడా రాదా ఈ మనిషికి అని అసహ్యం నోటిదాకా వచ్చింది.

"సన్నదే ఏసినాడన్నా," అంది చంద్రకాంతమ్మ. "నాకు సూపించి మరీ ఏసినాడు."

అప్పుడు చూశాడు గోడ అలమర వైపు. కింది అరలో ఇరవై నంబరు ముతక నూలు, పై అరలో ఎనభై, నూరు నంబర్ల సన్న నూలు. ఫ్యూజుకు నంబరు పెరిగేకొద్దీ లోపలి తీగ లావెక్కుతుంది; నేతగాడికి నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన తనకు ఆ సంగతి తెలియదా? ఒక్క మాట చెప్పడానికి విసుగుపడ్డాడు. తన మీద తనకే రోత పుట్టి, బయటికి పోయి కాలవ పక్కన కక్కుకున్నాడు.

లోపల కింది అరలో, ముతక నూలు కండెల మధ్య, మడిచిన గుడ్డముక్క మీద ఒద్దికగా పెట్టి ఉంది పదహారు నంబరు ఫ్యూజు.