జ్వరం వచ్చేదాకా

ఆరు వారాల్లో మా పిల్లకు జ్వరం రావడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ మలేరియా అనే తేల్చారు, రెండుసార్లూ అవే పసుపుపచ్చ బిళ్ళలు ఇచ్చారు. ఒక్క పూట తప్పకుండా మింగించాను. పది రోజులు ఆడుకునేది, మళ్ళీ ముడుచుకుని పడుకునేది. ఈసారి తెల్లారేసరికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నాకెప్పుడూ చెడే ముందు తోస్తుంది. మెదడుకెక్కితే? ఫిట్స్ వస్తే?

తొమ్మిదింటికల్లా ఆస్పత్రిలో ఉన్నాం. నర్సమ్మ థర్మామీటరును కిటికీ వెలుగులో పట్టి చూసింది.

"జ్వరం లేదమ్మా. రక్తం తీయక్కర్లేదు."

"లేదంటారేంటండీ! పొద్దున చెయ్యి పెట్టలేకపోయాను."

"జ్వరమున్నవాళ్ళకే పరీక్ష. వెళ్ళండి."

"అయితే వేరే మందివ్వండి. ఆ పసుపు బిళ్ళలు దీనికి పనిచేయట్లేదు."

లోపల మైక్రోస్కోపు మీదకు వంగి ఉన్న ల్యాబాయన తలెత్తాడు. "రెండు విడతలు మందు మింగాక కూడా రక్తంలో క్రిమి ఉందని తేలితేనే వేరే మందమ్మా. అందరికీ మార్చాలంటే నూటికి పదిమంది అలా తేలాలి. మా రిజిస్టర్లో నూరుమందిలో నలుగురే ఉన్నారు."

"నలుగురా! మా సందులోనే నలుగురున్నారు."

"మరి రారేం?"

"వచ్చారు. జ్వరం లేదని మీరే పంపేశారు!"

నర్సమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "బయల్దేరేముందు పిల్లకేమైనా వేశారా?"

"జ్వరం బిళ్ళ, అరముక్క. వరసలో నిలబడలేక ఏడుస్తుందని. మా తోడికోడలూ వాళ్ళబ్బాయికి అంతే. అందరం వేసే తెస్తాం."

నర్సమ్మ నుదురు కొట్టుకుంది. "దొంగను అటక మీద దాచి పోలీసుల్ని పిలుస్తారేంటమ్మా మీరు!"

"ఒప్పుకున్నాగా. ఇప్పుడు తీయండి రక్తం."

"ఇక్కడ నూరు దాటిన అంకె రాయాలి. బిళ్ళ వేశారని రాయడానికి గడి లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. గోడ నిండా బొమ్మలే: చేతులు కడుక్కోండి, దోమతెర కట్టుకోండి. బిళ్ళ వేసి తేవద్దన్న ఒక్క ముక్క రాయడానికి చోటు లేకపోయింది. బల్ల మీద చతికిలబడ్డాను.

"జ్వరం వచ్చేదాకా ఇక్కడే ఉంటాం."

"ఒంటిగంటకు తాళం వేస్తాం."

"మమ్మల్ని లోపల పెట్టి వేసుకోండి."

కన్నతల్లినై ఉండి, పిల్లకు జ్వరం ఎక్కాలని కాచుకు కూర్చున్నాను. మెడ తడిమి, అరికాళ్ళు తడిమి, చల్లగా తగిలితే చిరాకు. చిరాకు పడినందుకు మళ్ళీ భయం. అదేమో నర్సమ్మ కుర్చీ చుట్టూ గంతులు.

"కూర్చోవే! వచ్చే జ్వరం కూడా పారిపోతుంది" అని కసిరాను. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పన్నెండున్నరకు అది వచ్చి నా ఒళ్ళో ముడుచుకుంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. థర్మామీటరు నూట రెండు చూపించింది. ల్యాబాయన వేలు పొడిచి, రక్తపుచుక్కను గాజుపలక మీద పూసి, రంగు పోసి, ఆరబెట్టి చూసేసరికి ఒంటిగంట దాటింది. తాళంచెవులు చేతిలో పట్టుకుని నర్సమ్మ అలాగే నిలబడింది.

"ఉందమ్మా. బోలెడుంది."

ఉందన్న మాటకు ప్రాణం కుదుటపడటం ఏం ఖర్మో!

ఆయన అలమర తెరిచి తెల్లబిళ్ళలు తీశాడు. "మీ పిల్లతో ఐదుగురయ్యారు."

"ఇంకో ఐదుగురు ఇలా వణికితే గానీ అందరికీ మార్చరా?"

"మార్చేది నేనా తల్లీ? నేను లెక్క పంపుతానంతే."

"ఆ లెక్కలో మా తోడికోడలి కొడుకు లేడు కదండీ!"

ఆయన రిజిస్టర్లో అంకె దిద్దుకున్నాడు. నర్సమ్మే అంది, "రేపు తీసుకురమ్మనండి. బిళ్ళ వేయొద్దనండి."

"నేను చెబితే వినదు. నా భయాలంటే దానికి వేళాకోళం. మీరే వచ్చి చెప్పండి."

"సరే, సాయంత్రం వస్తాలే. ముందు ఇది మింగించండి. అరగంటలో కక్కితే మళ్ళీ వేయాలి."

ముక్కు మూసి మింగించాను. ఎదురుగా కూర్చుని దాని నోటివైపే చూస్తున్నాను.

"అలా గుడ్లప్పగించి చూస్తే లోపలున్నది కూడా బయటికొస్తుంది. కాస్త అటు తిరగండమ్మా" అంది నర్సమ్మ.

తిరగలేదు.