పెన్సిలు చుక్క

రికార్డు గది తలుపు ఉత్త తాళంచెవికి లొంగే రకం కాదు. ముందు కింద మోకాలితో ఒక పోటు, ఆ తర్వాత పైన భుజంతో ఒక నెట్టు, అప్పుడు తాళం తిప్పితే తెరుచుకుంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆవిడ ఆ వరస తప్పలేదు. ఆ పుణ్యమా అని కుడి మోకాలు అరిగిపోయింది. పనిచేసేది ఆస్పత్రిలోనే అయినా ఏ డాక్టరుకీ చూపించుకోలేదు. చూపించుకుంటే ఫైలు తెరుస్తారు. తెరిచిన ఫైలు సాయంత్రానికి తన గదికే వచ్చిపడుతుంది. తన ఫైలుకి తనే దారం కట్టుకోవడం ఏమిటి, చోద్యం కాకపోతే!

ఆస్పత్రిలో అందరూ ఆవిడని రికార్డులమ్మ అంటారు. అసలు పేరు జీతం కాగితానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. సన్నటి మనిషి. మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. కుడిచేతి చూపుడువేలికి రబ్బరు తొడుగు, కాగితాలు తిప్పడానికి. ఆ తొడుగు తీస్తే వేలు మిగతా వేళ్ళ కంటే తెల్లగా, నానినట్టు ఉంటుంది.

లోపలికి రాగానే దీపం వేసి, కిటికీ రెక్క ఎత్తి, మేకుకి దారంతో కట్టిన పెన్సిలు తీసి చెక్కింది. ఆ కిటికీ గాలి కోసం పెట్టింది కాదు. వరండాలో నిలబడ్డ జనం ఫైలు నంబరు అడగడానికి గోడకి కొట్టిన రంధ్రం. దారం ఎందుకంటే, కట్టకపోతే పెన్సిలు రోజుకొకటి మాయమయ్యేది. జబ్బుతో వచ్చినవాళ్ళకి కూడా పెన్సిలు కనబడితే చెయ్యి ఊరుకోదు.

అరలు సగానికి పైగా ఖాళీగా ఉన్నాయి. ఆర్నెల్లుగా ఫైళ్ళన్నీ పై అంతస్తుకి వెళ్ళి, స్కానింగ్ మెషీన్‌లో దూరి, కంప్యూటరులోకి చేరుతున్నాయి. ఈ సాయంత్రంతో ఆవిడ ఉద్యోగం అయిపోతుంది. రేపటినించి ఈ గదిలో మంచాలు పడేస్తారట.

బల్లమీద ఫోను, దాని పక్కన పరిశోధన డాక్టరమ్మ ఇచ్చిన జాబితా. తరతరాలుగా ఇళ్ళలో దిగే జబ్బుల గురించి ఆ అమ్మాయి ఏదో కనిపెడుతోంది. ఆ జాబితాలోని పాత రోగుల ఇళ్ళకి ఉత్తరాలు పంపింది. మీ ఫైలు, పేరు తీసేసి, పరిశోధనకి వాడుకోవచ్చా, ఒక చెంచాడు రక్తం ఇస్తారా అని. రెండువందల పైచిలుకు ఉత్తరాలు వెళితే పందొమ్మిది జవాబులు వచ్చాయి. అందులో పదకొండు వద్దనే. "మీ గొంతు అందరికీ తెలుసు కదమ్మా, మీరు ఫోన్ చేస్తే కాదనరేమో" అని డాక్టరమ్మ బతిమాలితే, రికార్డులమ్మ వారంరోజులుగా ఫోన్లు చేస్తోంది.

మొదటి ఫోను ఒక రిటైరైన మాస్టారికి.

"పేరు తీసేస్తారా? పేరు తీసేస్తే అది నా రక్తమని ఎవరికి తెలుస్తుందమ్మా? రేపు దాంతో ఏదైనా గొప్ప మందు కనిపెడితే?"

రెండో ఫోను లాండ్రీ షాపాయనకి.

"పేరు తీసేస్తామని అందరూ అంటారు. తియ్యకపోతే? రేపు ఇన్సూరెన్సు వాళ్ళు నా గుమ్మం ముందు కూర్చుంటే నువ్వొచ్చి మాట్లాడతావా?"

వీళ్ళిద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టాలని ఆవిడకి భలే కోరిక పుట్టింది. మూడో ఫోను ఎత్తిన ముసలమ్మ విషయమంతా ఓపిగ్గా విని, నిట్టూర్చింది.

"నేను పోయాక కూడా నా రక్తం పనిచేస్తూనే ఉండాలా తల్లీ? డెబ్భై ఏళ్ళు ఈ ఇంటికి చాకిరీ చేసింది. దానికైనా కాస్త విశ్రాంతి ఇవ్వరా?"

రికార్డులమ్మ నవ్వు ఆపుకోలేక ఫోను దూరంగా పెట్టింది. డాక్టరమ్మ కాగితంలో ఉన్నవి రెండే గళ్ళు, ఒప్పుకున్నారు, ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో రాయడానికి చోటు లేదు. అసలు సంగతంతా అక్కడే ఉంటే చోటు పెట్టకపోవడమేమిటని ఆవిడ అంచుల్లో సన్నగా రాసుకుంటూ వచ్చింది. ఒకే సూది, ఒకే రక్తం. జబ్బు చూడమని అయితే చెయ్యి చాపేస్తారు, పరిశోధనకి అంటే వెనక్కి లాక్కుంటారు. మనుషులు ఎందుకలా చేస్తారో తెలుసుకోకుండా ఈ గది వదిలి వెళ్ళబుద్ధి కావడంలేదు.

ముప్పైమూడో నంబరు అయ్యాక ఆవిడ వేలు ఆగింది. ముప్పైనాలుగు వదిలేసి ముప్పైఅయిదుకి దిగింది. ఫోను ఎత్తనివాళ్ళ కోసం రోజూ జాబితా మళ్ళీ మొదటినించి పడుతుంది, వారంరోజులుగా ముప్పైనాలుగు దగ్గర ఇదే వరస.

ముప్పైనాలుగు వాళ్ళ అన్నయ్య ఫైలు.

ఇరవైనాలుగేళ్ళ కిందటి మాట. అన్నయ్య బస్సు డ్రైవరు. అప్పటికి రెండు నెలల క్రితమే ఉద్యోగం పర్మనెంటు అయింది, చేతికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రావాలి. రొమ్ములో పట్టేసినట్టుందంటే ఆవిడే ఇక్కడికి తీసుకొచ్చింది. సొంత మనిషే కదా అని కంపౌండరు ఫారం ఆవిడ చేతికే ఇచ్చాడు. కుటుంబంలో ఎవరికైనా గుండెజబ్బు ఉందా, అని గడి. నాన్న కూడా డ్రైవరే. నలభైనాలుగో ఏట స్టీరింగ్ మీదే పోయాడు. పోయేముందు బస్సుని నెమ్మదిగా రోడ్డు పక్కకి ఆపి మరీ పోయాడు. గుండె అని డాక్టరు చెప్పినా ఇంట్లో మాత్రం ఎండదెబ్బ అనే చెప్పుకున్నారు. ఆ గడి దగ్గర ఆవిడ పెన్ను ఆగితే అన్నయ్య ఆవిడ చెయ్యి నొక్కాడు. ఆవిడ 'ఎవరికీ లేదు' అని రాసింది. డాక్టరు ఆ కాగితం చూసి, గ్యాస్ అయ్యుంటుందని మాత్రలిచ్చి పంపాడు. పందొమ్మిదో రోజున అన్నయ్య పోయాడు. ఇంట్లో అదీ గ్యాసేనని చెప్పుకున్నారు. వయసు ముప్పై ఎనిమిది.

ఆ ఫైలుకి దారం కట్టి అరలో పెట్టింది కూడా ఆవిడే. గడిలో రాసిన అబద్ధం సంగతి వదినకి చెప్పలేదు. వదిన ఆరేళ్ళ కిందట కన్నుమూశాక కూడా తను కడుపులోనే దాచుకుంది. అన్నయ్య కూతుర్ని తన చేతులమీదుగా పెంచింది. చదివించింది, పెళ్ళి చేసింది. ఇప్పుడు ఆవిడకి ఈ లోకంలో నా అన్నవాళ్ళు ఆ మేనకోడలు, దాని పాప, అంతే. పోయినవాళ్ళ ఫైలు వాడుకోవాలంటే దగ్గరివాళ్ళ సంతకం కావాలి. అంటే మేనకోడలిది. సంతకం అడగాలంటే ఫైలు చూపించాలి. చూపించాక ఆ పిల్ల తన మొహం చూస్తుందో చూడదో.

పన్నెండుగంటలకి డాక్టరమ్మ కిందికి దిగివచ్చింది. చేతినిండా కాగితాలు, జుట్టులో గుచ్చిన పెన్ను.

"చిత్రంగా ఉందమ్మా. ఈ ఊళ్ళో ఎవరి నాన్నకీ గుండెజబ్బు లేదు, ఎవరి అమ్మకీ మతి తప్పలేదు. అందరూ మెట్లమీంచి జారిపడో, జ్వరమొచ్చో పోయారు. ఇంతమంది జారిపడాలంటే ఊళ్ళో మెట్లు చాలవు."

రికార్డులమ్మ రబ్బరు తొడుగు సర్దుకుంది.

"ఇంకో చిత్రం. స్కానింగ్ చేసే ఆయన గొడవపెడుతున్నాడు. నాలుగువందల ముప్పై ఫైళ్ళ మీద, ఎడమవైపు కింది మూల, ఒక చుక్క ఉందట. మెషీన్ దాన్ని మురికనుకుని తుడిచేస్తోంది. కానీ మురికి అంత క్రమశిక్షణగా ఒకే మూల పడదు కదా?"

రికార్డులమ్మ తొడుగు తీసి బల్లమీద పెట్టి, ఇరవైనాలుగేళ్ళలో మొదటిసారి ఆ మాట బయటపెట్టింది.

"నావే."

అన్నయ్య పోయిన ఏడాదే మొదలైంది. ఒకావిడ నంబరు కోసం కిటికీ దగ్గరికొచ్చి, నంబరు తీసుకుని కూడా కదల్లేదు. అటూ ఇటూ చూసి, "పైన మా అత్తగారు పక్కనే ఉన్నారు, చెప్పలేకపోయాను. మా అమ్మక్కూడా ఇదే ఉండేది" అంది. పైకెళ్ళి చెప్పమంటే వద్దంది. ఎవరో ఒకరికి తెలిస్తే చాలంది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. డాక్టరు ముందు బిగుసుకుపోయిన నోళ్ళు ఈ కిటికీ దగ్గర తెరుచుకునేవి. ఆవిడ ఒక్క ముక్క రాసుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. ఫైలు మూల పెన్సిలుతో చుక్క పెట్టేది, అంతే. ఆ మనిషి మళ్ళీ ఆస్పత్రికొచ్చిన రోజు ఆ ఫైలు తనే స్వయంగా పైకి మోసుకెళ్ళి, "డాక్టరుగారూ, ఇంకోసారి అడగండి. పక్కన ఎవరూ లేకుండా" అనేది. డాక్టర్లు మారారు. కొందరు ఆవిడకి చాదస్తమనుకున్నారు. అయినా అడిగేవాళ్ళు. అడిగితే చాలాసార్లు జవాబు మారేది.

డాక్టరమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ఏ చుక్క వెనక ఏ జబ్బుందో చెప్పగలరా? నాకెంత ఉపయోగమో మీకు తెలీదు."

"నాలుగువందల ముప్పై గుర్తున్నాయమ్మా. ఒక్కటీ చెప్పను. నా చెవిన వేసింది నా చెవి దాటదు. ఆ చుక్కకి ఒకటే అర్థం. మళ్ళీ అడగండి, ఒంటరిగా అడగండి. అంతకంటే లేదు."

ఆ అమ్మాయికి కోపం రాలేదు. కిటికీ వైపు, దారానికి వేలాడే పెన్సిలు వైపు చూసింది.

"మేం చేసిందేమిటో తెలుసా అమ్మా? ఇంటికి ఉత్తరం పంపాం. ఇంటిల్లిపాదీ చదివేలా."

ఆమె లేచి, మెషీన్ చుక్కలు తుడవకుండా చూడమని స్కానింగ్ ఆయనకి చెప్పడానికి గబగబా పైకెళ్ళింది. రికార్డులమ్మ అన్నం డబ్బా మూత తెరవకుండానే పక్కకి తోసింది. ఊరందరినీ ఒంటరిగా అడగమని నీతులు చెప్పింది. తన ఇంటి మనిషినే అడగలేకపోతోంది. సిగ్గేసింది.

నాలుగింటికి మేనకోడలు వచ్చింది. కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. అద్దాలు అరగదీసిన పొడి తెల్లగా ముంజేతులమీద ఎప్పుడూ ఉంటుంది. అత్తని చివరిరోజు బండి మీద ఇంటికి తీసుకెళ్దామని త్వరగా బయటపడింది. లోపలికి రాకుండా కిటికీలోంచి తల పెట్టింది.

"అత్తా, నా నంబరు ఎంత?"

చిన్నప్పటినించి అదే వేళాకోళం. రికార్డులమ్మకి ఎప్పుడూ వచ్చే నవ్వు ఈసారి రాలేదు.

"ఒక సంతకం కావాలే. ముందు ఇది చదువు."

ఫైలు కిటికీ చెక్కమీదికి తోసింది. మేనకోడలు దారం విప్పి, మొదటి కాగితం మీది పేరు చూసి, నవ్వు ఆపేసింది.

"ఇది నీ రాత."

"నాదే. నాలుగో గడి చూడు. అది అబద్ధం. మీ తాతయ్యది ఎండదెబ్బ కాదు, గుండె. మీ నాన్నకి తెలుసు. ఉద్యోగం పోతుందని నా చెయ్యి నొక్కాడు. నేను లేదని రాశాను. రాయకుండా ఉంటే డాక్టరు ఇంకోలా చూసేవాడేమో. బతికేవాడేమో. నాకు తెలీదు. ఇరవైనాలుగేళ్ళుగా రోజూ అదే అనుకుంటున్నాను."

వరండాలో ఎవరో తోపుడు కుర్చీ తోసుకుంటూ వెళ్ళారు. చక్రం కిర్రుమంటూ మలుపు తిరిగింది.

"అమ్మకి తెలుసా?"

"లేదు."

ఆ పిల్ల కిటికీ చెక్కని రెండు చేతులతో పట్టుకుంది.

"పోయిన నెల పాప స్కూల్లో పరిగెడుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. నువ్వు కంగారుపడతావని చెప్పలేదు. డాక్టరుకి చూపించాం. ఆయన కూడా ఇదే అడిగాడు, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బుందా అని."

"ఏం చెప్పావ్?"

"నువ్వు చెప్పిందే చెప్పాను అత్తా. తాతయ్యది ఎండదెబ్బ, నాన్నది గ్యాస్, గుండెజబ్బు ఎవరికీ లేదని. నీరసం అని టానిక్కు రాసిచ్చాడు."

రికార్డులమ్మ కిటికీ చెక్కమీది ఫైలు వైపు చూసింది. తను రాసిన రెండు ముక్కలు, దారం కట్టి అరలో పెట్టిన ముక్కలు, ఎవరూ ముట్టుకోకుండానే నడిచివెళ్ళి పదకొండేళ్ళ పాప దగ్గరికి చేరాయి. ఇన్నాళ్ళూ ఆవిడ అన్నయ్య కోసం ఏడ్చింది. ఇప్పుడు వేసిన భయం వేరు.

"పైన డాక్టరమ్మ అయిదింటిదాకా ఉంటుంది. పాపని తీసుకురా. ఇప్పుడే."

మేనకోడలు కళ్ళు తుడుచుకుని, దారానికున్న పెన్సిలు అందుకుంది. "సంతకం ఎక్కడ?"

"పెన్సిలు కాదు. పెన్నుతో చెయ్యి."

సంతకం చేసింది. కాగితం వెనక్కి తోస్తూ అత్త మొహంలోకి చూసింది. "నీమీద చాలా కోపంగా ఉంది. అది రేపు. ఇవాళ పాపని తీసుకురావాలి" అని, వరండా మెట్లు రెండేసి దిగి బండి దగ్గరికి పరిగెత్తింది.

రికార్డులమ్మ సొరుగులోంచి కొత్త అట్ట ఒకటి తీసింది. పైన తన పేరు రాసింది. అసలు పేరు, ఆస్పత్రిలో ఎవరికీ తెలియనిది. నాలుగో గడిలో పెన్నుతో, అక్షరం పోకుండా రాసింది: నాన్న, గుండె, నలభైనాలుగు. అన్నయ్య, గుండె, ముప్పై ఎనిమిది. పరిశోధన కాగితంలో ఒప్పుకున్నట్టు టిక్కు పెట్టింది. ఎవరూ చెయ్యి నొక్కలేదు.

తర్వాత అన్నయ్య ఫైలు దగ్గరికి లాక్కుని, మూలనున్న చుక్కని రబ్బరుతో మెల్లగా తుడిచింది. అది ఆవిడ పెట్టిన మొట్టమొదటి చుక్క. ఇంక మళ్ళీ అడగాల్సిన పనిలేదు.

రెండు ఫైళ్ళూ ఒకదానిమీద ఒకటి పెట్టి పొట్టకి ఆనించుకుంది. దీపం తీసేసి, తలుపు లాగి, మోకాలితో ఒక పోటు పొడిచింది. తాళంచెవి వరండాలో వార్డుబాయ్ చేతికిచ్చి, చెంచాడు రక్తం ఇవ్వడానికి జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుంటూ మెట్లెక్కింది. అప్పటికే వచ్చేసినట్టున్నారు, పైనుంచి పాప గొంతు వినిపించింది.

కింద కిటికీ రెక్క వేయడం మరిచిపోయింది. మేకుకి కట్టిన దారం చివర పెన్సిలు వేలాడుతూనే ఉంది. పొద్దున చెక్కిన మొన చెక్కినట్టే ఉంది.