నాలుగో బిరడా

గాజు లైను నాలుగో బిరడా దగ్గర విరిగింది. ఎవరు విరగ్గొట్టారో ఎవరూ చెప్పలేదు. అలాంటివి ఎవరూ చెప్పరు.

లైను అంటే ప్రయోగశాల గోడ పొడవునా బిగించిన రెండు గాజు గొట్టాలు. ఒకదాంట్లోంచి పంపు గాలిని లాగేస్తుంది. రెండోదాంట్లో ఆర్గాన్ వాయువు నడుస్తుంది. మధ్యలో ఆరు బిరడాలు. బిరడా ఇటు తిప్పితే సీసాలోని గాలి పోతుంది, అటు తిప్పితే ఆర్గాన్ వచ్చి నిండుతుంది. గాలి సోకితే చెడిపోయే రసాయన మందులన్నీ దాని మీదే చేస్తారు. ముప్పై ఏళ్ల కిందట దాన్ని ఊది, అతికి, గోడకెక్కించినవాడు గాజు తాత.

అతనికి వేరే పేరుంది గానీ అది హాజరు పట్టీ దాటి బయటికి రాలేదు. మనిషి మాట పొదుపు. "ఊఁ" అంటే సరే, "ఊఁహూఁ" అంటే కాదు. మూడో మాట కావాలంటే ముహూర్తం పెట్టించుకోవాలని స్టోరు మనిషి అంటుండేవాడు.

ఆ లైను మీద నాలుగేళ్లుగా పని చేస్తున్నది ఒక అమ్మాయి. పరిశోధన పట్టా కోసం వచ్చిన పిల్ల. మందు ఉడికేలోపు తాత గాజు పని చేసే కొట్లోకి వచ్చి ఎత్తు పీట మీద కూర్చునేది. ఒకసారి అతని చేతిలోని సూది చూసి అంది:

"తాతా, అది టంగ్‌స్టనే కదా? నా మందులోనూ అదే ఉంది."

కాగిన గాజులో చిల్లు పొడిచే సూది అది. గాజు నీరైపోయినా అది చెక్కు చెదరదు.

"ఇది కరగదు కదమ్మా."

"కరిగించక్కర్లేదు. ఒక్కో టంగ్‌స్టన్ పరమాణువు చుట్టూ ఆరు జతలు పట్టుకుని ఉంటాయి. బొగ్గూ ఆక్సిజనూ కలిసిన జతలు. దీపం వెలుతురు పెట్టి రెండింటిని ఊడగొడతాను. ఆ ఖాళీలో ఫ్లోరిన్ తొడిగినవి రెండు తెచ్చి కూర్చోబెడతాను."

"ఫ్లోరినే ఎందుకు?"

"అది ఉన్నదంతా తనవైపు లాక్కుంటుంది తాతా. అప్పుడు టంగ్‌స్టన్ నడిచే తీరే మారిపోతుంది."

తాత మంట తగ్గించాడు. "అత్తగారన్నమాట," అన్నాడు.

ఆ అమ్మాయి పీట మీంచి పడబోయింది నవ్వలేక. వారం రోజులు ప్రయోగశాలంతా ఫ్లోరిన్‌ని అత్తగారనే పిలిచారు.

అంతకు ముందటేడు ఆ మందు మొదటిసారి వచ్చింది. పసుపు పొడి. ఫ్లోరిన్ జాడ పట్టే యంత్రంలో పెడితే రావలసిన చోట రెండు గీతలు నిటారుగా లేచాయి. ఒక్కటే లోటు. ఎక్స్‌రే తీసి లోపలి రూపం చూడాలంటే పొడి చాలదు, స్ఫటికం కావాలి. అది పెరగలేదు. గీతలు చాలని, ఆమె పరిశోధన చూసే పెద్దసారు వ్యాసం పత్రిక్కి పంపాడు, అచ్చయింది. మూత వేసిన గొట్టంలో చిటికెడు పొడిని ఆ అమ్మాయి కిటికీ గూట్లో పెట్టి వచ్చేపోయేవాళ్లందరికీ చూపించింది. స్టోరు మనిషి కూడా వచ్చి, "పసుపు కొమ్ము దంచితే ఇంతకంటే బాగుంటుంది గదమ్మా," అని చూసి పోయాడు.

తర్వాత వేరే చోటి పరిశోధకులు ఉత్తరం రాశారు. గీతలు ఎలాగైనా వస్తాయి, స్ఫటికం బొమ్మ చూపించండి, లేకపోతే నమ్మం అని. కిటికీలో పొడి ఎండకి ఎప్పుడో గోధుమ రంగు తిరిగింది. మళ్లీ చెయ్యాలి. సరిగ్గా అప్పుడే నాలుగో బిరడా విరిగింది.

తాత లైను దించాడు. మంట పెట్టాడు. కొత్త బిరడా అతికాడు. చేతులకి ముప్పై ఏళ్ల అలవాటు, అవి తప్పలేదు. కళ్లే తప్పాయి.

మంట ముందు కూర్చున్నవాళ్లకి కంట్లో పొర రావడం ఆ పనిలో ఉన్నదే. తాతకి రెండేళ్లుగా వస్తోంది. ఎవరికీ చెప్పలేదు. వయసు దాటిపోయినా ఏటేటా ఇంకో ఏడాది ఉండమంటున్నారు. కళ్లు చూపించుకు రమ్మంటే ఆ రోజే ఆఖరు. మంట ముందు లేని తనని తాను ఎప్పుడూ ఊహించుకోలేదు.

అతికిన గాజులో చిల్లు ఉందో లేదో చూడటానికి స్పార్క్ కడ్డీ అని ఒకటుంది. కరెంటు పెడితే కొసన ఊదా మెరుపు ఆడుతుంది. లోపల గాలి లాగేసిన గొట్టం మీద దాన్ని నడిపిస్తే మెరుపు పైపైన పాకుతుంది. సూది మొనంత చిల్లున్నా సరే, మెరుపంతా పరుగున వెళ్లి ఆ చిల్లులో దూరుతుంది. అక్కడ తెల్లటి చుక్క వెలుగుతుంది. ఒకప్పుడు ఒక కుర్రవాడు కడ్డీని ఒకే చోట ఆపి ఉంచి గాజుకే చిల్లు పెట్టాడు. అప్పటినుంచి దాన్ని తాత తప్ప ఇంకెవరూ ముట్టకూడదని నియమం.

తెరలు వేశారు. తాత కడ్డీ పట్టుకుని లైనంతా నడిపించాడు. అతనికి కనపడింది ఊదా రంగు మంచు. మొదలూ మంచే, చివరా మంచే. నాలుగో బిరడా కింద కాసేపు నిలబడ్డాడు.

"ఎలా ఉంది తాతా?" అంది అమ్మాయి తలుపు దగ్గర్నుంచి.

"బాగుంది."

మొదటి మందు నాలుగో రోజుకి నీలం తిరిగింది. టంగ్‌స్టన్‌కి గాలి తగిలితే వచ్చే నీలం. రెండోది మూడో రోజుకే. మూడోది ఆకుపచ్చ మీదుగా నీలంలోకి పోయింది. ఆ అమ్మాయి ఒక్కో గొట్టాన్నీ తీసి సొరుగులో పడేసేది. కిటికీ గూడు ఖాళీగా ఉండేది.

"నీలిమందు వ్యాపారం పెట్టుకోండమ్మా, బట్టలవాళ్లు ఎగబడతారు," అన్నాడు స్టోరు మనిషి. ఆమె నవ్వలేదని చూసి తల గీరుకుంటూ వెళ్లిపోయాడు.

ద్రావకాలన్నీ మళ్లీ ఆరబెట్టింది. ఆర్గాన్ బండ మార్చింది. గాజు సామాను రాత్రంతా పొయ్యిలో ఉంచింది. అయినా నీలమే. ఆఖరికి తాత కొట్లోకి వచ్చి, పీట మీద కూర్చోకుండా నిలబడే అడిగింది.

"తాతా, తప్పుగా అనుకోవద్దు. లైనులో ఎక్కడైనా చిల్లుందేమో?"

"కడ్డీ పెట్టి చూశానమ్మా."

పెట్టిన మాట నిజం. చూసిన మాట అబద్ధం. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. గాజు సంగతిలో తాత మాట ఆ ప్రయోగశాలలో రాతి మీద గీత.

మంగళవారం పెద్దసారు తాతని పిలిపించాడు. గదిలో ఆ అమ్మాయి నిలబడి ఉంది. బల్ల మీద నీలం తిరిగిన గొట్టాలు ఆరు వరసగా పేర్చి ఉన్నాయి. తాతకి అవి మసక మసకగా ఆరు నీడలు.

"నువ్వు చెప్పు తాతా," అన్నాడు పెద్దసారు. "నీ ముందే తేల్చేద్దాం. లైను బాగుందా?"

ఆ అమ్మాయి అతని వైపు చూస్తోందని తెలుస్తోంది. ముఖం కనపడటం లేదు.

"బాగుంది సారూ."

"విన్నావు కదా?" పెద్దసారు గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "లైను బాగుంది. ద్రావకం బాగుంది. అంతా బాగుంటే మందు ఎందుకు రాదమ్మా? అప్పుడు మాత్రం ఎలా వచ్చింది? ఆ రెండు గీతలు యంత్రం గీసిందా, నువ్వు గీశావా?"

"నేను గీయలేదు సార్."

"అయితే శుక్రవారంలోగా స్ఫటికం చూపించు. లేదా మొదటి ఫలితం నమ్మదగింది కాదని సంతకం పెట్టి ఇవ్వు, వ్యాసం వెనక్కి తీసుకుంటాం. నా పేరూ ఉంది దాని మీద."

తాత దొంగకు తేలు కుట్టినట్టు బయటికి వచ్చాడు.

ఇంట్లో నీళ్లు పోసుకుంటుంటే భార్య చెయ్యి పట్టుకుంది. "గ్లాసు ఇక్కడుంటే బల్ల మీద పోస్తున్నారేమిటి? ముప్పై ఏళ్లు గాజు ఊదినాయనకి గాజు గ్లాసు కనపడలేదా?"

"ఊఁ."

"ఊఁ ఏమిటి ఊఁ? నాకు తెలియదనుకున్నారా? సూదిలో దారం నాతో ఎక్కించుకోవడం మొదలెట్టి ఏడాదయింది. ఆపరేషన్ చేయించుకుందాం అంటే వినరు."

తాత జరిగింది చెప్పాడు. అన్నేళ్ల కాపురంలో అతను అంత సేపు మాట్లాడటం ఆమె వినలేదు. విన్నాక ఆమె బల్ల తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"రేపు పొద్దున్నే చెప్పేయండి."

"ఊఁ."

బుధవారం చెప్పలేదు. కొట్లో మంట వెలిగించి, ఏ పనీ లేకుండా దాని ముందు కూర్చున్నాడు. నీలి మంట చప్పుడు ఒక్కటే అతనికి స్పష్టంగా అందుతోంది. చెబితే ఇది ఆరిపోతుంది. రేపు చెప్తాను, ఇవాళ్టికి ఉండనీ అనుకున్నాడు. గురువారమూ అదే అనుకున్నాడు. ఆ సాయంత్రం అమ్మాయి కొట్టు ముందు నుంచి నడిచి వెళ్లింది. లోపలికి రాలేదు. అడుగుల చప్పుడు బట్టి ఆమేనని గుర్తుపట్టాడు గానీ పిలవలేదు.

శుక్రవారం పొద్దున తాత పెద్దసారు గది తలుపు తట్టాడు.

"తెరలు వేయించండి సారూ. కడ్డీ మీరు పట్టుకోండి. ఒక్కచోట ఆపకండి, నడిపిస్తూ ఉండండి. నాలుగో బిరడా కిందికి రండి. చూసి మీరే చెప్పండి. నాకు కనపడదు."

పెద్దసారు తెరలు వేయించి కడ్డీ అందుకున్నాడు. చిటచిటమని శబ్దం లైను వెంట నడిచింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దగ్గర శబ్దం మారింది. కంటితో కాకుండా చెవితో విని ఉన్నా తెలిసేదే కదా అని తాతకి అప్పుడు తట్టింది. చేతులు కాలాక ఆకులు.

"ఉంది," అన్నాడు పెద్దసారు. "తెల్లగా. సూది మొనంత." కడ్డీ ఆపేశాడు. చీకట్లోనే అన్నాడు, "నువ్వు బాగుందన్నాకే నేను ఆ పిల్లని అనుమానించాను తాతా."

"ఆ అమ్మాయి వచ్చిందా సారూ?"

"నిన్న సాయంత్రమే సంతకం పెట్టి వెళ్లిపోయింది. ఉత్తరం కూడా వెళ్లిపోయింది."

చిల్లు పూడ్చడానికి బయటినుంచి మనిషిని పిలిపించారు. పెద్దసారు తనే మందు చేశాడు. పసుపు వచ్చింది. వారమైనా పసుపే. ఈసారి స్ఫటికాలు పెరిగాయి. ఎక్స్‌రే తీస్తే మధ్యలో టంగ్‌స్టన్, పక్కపక్కనే ఫ్లోరిన్ తొడుక్కున్న రెండు కొత్త జతలు, ఆ అమ్మాయి రాసింది రాసినట్టే ఉంది. గీతలు రెండూ లేచిన చోటే లేచాయి.

"పిలిపించండి సారూ," అన్నాడు తాత.

"తన చేత్తో రాసిచ్చింది తాతా, నమ్మదగింది కాదని. రాయించింది నేను. ఇప్పుడు కాదంటే ఆఫీసువాళ్లు నన్నడుగుతారు. ఆ సీటు కూడా వేరేవాళ్లకి ఇచ్చేశారు. కొన్నాళ్లు ఆగుదాం."

కొన్నాళ్లు అంటే ఎన్నాళ్లో తాతకి తెలుసు. తనూ మూడు రోజులు ఆగినవాడే.

తాత ఉద్యోగం ముగిసి గాజు కొట్టుకి తాళం పడే ముందురోజు తాత చిటికెడు స్ఫటికాలు అడిగాడు. పెద్దసారు ఇచ్చాడు. "గొట్టం మూయడానికి ఆ మనిషినే పిలవనా?" అన్నాడు.

"ఊఁహూఁ. నేను మూస్తాను. నా చేతులకి కళ్లున్నాయి."

లైను మీద పెట్టి, గాలి లాగి, గొట్టం మెడకి మంట చూపించి, మెత్తబడ్డాక మెలితిప్పి లాగాడు. కొస మీద గోరు నడిపి చూసుకున్నాడు. నున్నగా ఉంది. కడ్డీ పెట్టమని ఎవరినీ అడగలేదు. ఆఖరి పని కదా, అడగాలనిపించలేదు.

మూడో రోజు భార్య అతన్ని ఆ అమ్మాయి ఉండే మేడ కింద వదిలి, తను రానంది. తాత గోడ పట్టుకుని ఎక్కాడు. ఆ అమ్మాయి ఒక మందుల కొట్టు వెనక గదిలో పొడులు తూచి పొట్లాలు కట్టే పనిలో చేరింది. అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది.

"కూర్చోండి తాతా," అంది. నువ్వు అనే పిల్ల మీరు అంది.

తాత కూర్చుని అంతా చెప్పాడు. కడ్డీ, మంచు, మంగళవారం, బుధవారం, గురువారం. ఒక్క రోజు కూడా వదల్లేదు. ఆమె చివరికి అంది:

"గురువారం సాయంత్రం మీ కొట్టు ముందు నుంచే వెళ్లాను. లోపలికి వద్దామనుకున్నాను. మీరు ఊరికే మంట పెట్టుకుని కూర్చున్నారు. ఏదో పనిలో ఉన్నారులే అనుకున్నాను."

తాత జేబులోంచి గుడ్డ మూట తీసి విప్పాడు. "స్ఫటికాలు. నీవే. నేనే మూశాను."

ఆమె గొట్టం అందుకుంది. కిటికీ దాకా నడిచింది. తెర జరిగిన చప్పుడైంది. తాత ముఖం మీద వెలుతురు పడింది, ఆ మాత్రం అతనికి తెలుస్తుంది.

"పసుపేనా?" అన్నాడు.

కింద వీధిలో ఏదో బండి పోయింది. అది దూరమైపోయే దాకా జవాబు రాలేదు.

"పసుపే తాతా. అచ్చం అప్పటిలాగే ఉంది."

"ఊఁ."

కిటికీ గూట్లో గాజు పెట్టిన చిన్న చప్పుడు కోసం తాత చెవి రిక్కించాడు. మంచి మందు వస్తే ఆ పిల్ల వెలుతురులోనే పెట్టేది, నాలుగేళ్లు చూశాడు. తెర మళ్లీ మూసుకుంది. ఆమె అడుగులు గదికి అవతలి పక్కకి వెళ్లాయి. సొరుగు లాగిన చప్పుడైంది. చెక్క మీద గొట్టం దొర్లింది. సొరుగు మూసుకుంది.

దిగేటప్పుడు ఆమే చెయ్యి పట్టుకుంది. ఒక్కో మెట్టూ లెక్కపెట్టింది. "ఇంకొకటుంది, చూసుకో," అంది చివర్లో.

వీధిలోకి వచ్చాక రంగు నిజంగా ఏమిటో అడుగుదామనుకున్నాడు తాత. అడగలేదు. అవతలి పక్క నుంచి భార్య వస్తున్న చెప్పుల చప్పుడు వినపడింది. అటు తిరిగి నిలబడ్డాడు.