పసుపు గీత

ఆగు మేస్త్రీ బానెట్ కింద తల దూర్చి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని వింటున్నాడు. ఆయన అలా కళ్ళు మూసుకుని ఉన్నంతసేపూ షెడ్డులో ఎవరూ సుత్తి ఎత్తరు. "బలం పెంచు మేస్త్రీ" అంటూ ఎవరొచ్చినా ముందు "ఆగు" అంటాడు కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది. అసలు పేరు సగం మందికి తెలియనే తెలియదు.

టర్బో బండి ఉన్నవాళ్ళకు ఎక్కడలేని ఆత్రం. ఇంజన్ వదిలే పొగ తోపుకు ఒక చక్రం గిర్రున తిరిగి, బయటి గాలిని లోపలికి కుక్కుతుంది. ఎంత కుక్కితే అంత బలం. దాన్ని అదుపు చేసేది ఒకే ఒక్క స్క్రూ. ఆ స్క్రూ తిప్పడం ఏ తలమాసినవాడికైనా చేతనవును. పిస్టన్లు కరిగిపోకుండా తిప్పడమే అసలు పని.

మేస్త్రీ ఏది బిగించినా, మనసుకు నచ్చాకే దాని మీద పెయింటు పెన్నుతో పసుపు గీత గీస్తాడు. గీత చెదిరిందంటే బోల్టు కదిలిందని అర్థం. రంగు ఇట్టే ఆరిపోతుందని, నమ్మకం కుదిరేదాకా పెన్ను మూత తియ్యడు. మూత తీశాడంటే ఆ పనికిక తిరుగులేదు.

ఇవాళ్టి బండి కూతురిది. ఆమె కొండదారి పందేల్లో నడుపుతుంది. కిందటేడు మంచి వేగంలో ఉండగా పిస్టన్ పగిలి, చక్రాల కిందికి ఆయిల్ చిమ్మి, బండి వెళ్ళి గోడకు గుద్దుకుంది. తీరా చూస్తే తండ్రి గీసిన గీతను తుడిచేసి, స్క్రూను ఆమే చాటుగా ఇంకాస్త తిప్పుకుంది. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నన్నాళ్ళూ ఆయన ఆ సంగతి ఎత్తలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని ఆమె ఏడ్చింది. ఆ తర్వాత ఆ బండిని ఆయన ముట్టుకోలేదు. మొన్నీమధ్యే తనంతట తనే "తీసుకురా" అన్నాడు.

"నాన్నా, ఇంకో పావు చుట్టు తిప్పవా? చివరి మలుపు దాటాక బండి లాగట్లేదు" అంది కూతురు, ముందు మడ్‌గార్డు మీద మోచేతులు ఆనించి.

"ఆగు."

"ఎప్పుడూ అదే మాట."

"గట్టి పిస్టన్లు వేశాను. గాలిని చల్లబరిచే రేడియేటరు పెద్దది పెట్టాను. ఆయిల్‌కి వేరే కూలరు బిగించాను. ఇదంతా ఎందుకనుకున్నావమ్మా? పైకి ఎక్కితే సరిపోదు. నువ్వు తిరిగి ఇంటికి రావాలి."

ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడినందుకు ఆయనకే మొహమాటంగా అనిపించింది. ఎడమ భుజం నొక్కుకుంటూ అటు తిరిగాడు.

"మళ్ళీ నొప్పా? డాక్టరు దగ్గరికెళ్దామంటే వినవు."

"నీ పందెం అవనీ."

ఆయన బావమరిది అక్కడే వెల్డరు. ముసుగు పైకెత్తి అందుకున్నాడు. "బండి కాస్త మూలిగితే చాలు, అన్నీ విప్పి చూస్తాడు. తనకి మాత్రం సర్వీసింగే అక్కర్లేదు మా బావకి."

అందరూ నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. స్క్రూ మీద ఒకసారి వేలు పెట్టి చూసి, "నేను నడిపొచ్చాక చెప్తాను, చాలో చాలదో" అన్నాడు.

ఎండ తగ్గాక బండిని ఊరి చివరి ఎత్తుదారికి తీసుకెళ్ళాడు. ఎక్సలరేటరు అడుగంటా తొక్కాడు. వీపు సీటుకు అతుక్కుపోయింది. చెవి రిక్కించాడు. ఎక్కడా టకటక లేదు, వణుకు లేదు. వేడి చూపించే ముల్లు బుద్ధిగా నడుమనే నిలబడింది. వెనక్కి దిగి మళ్ళీ ఎక్కించాడు. ఏడాదిగా గుండెల మీద కూర్చున్న బెంగ అప్పుడు దిగింది. పిల్ల ఇంటికొస్తుంది అనుకున్నాడు. భుజం నొప్పి దవడ దాకా పాకితే అద్దం దించుకుని, నెమ్మదిగా షెడ్డుకు వచ్చేశాడు.

బండి ఆపాడు గానీ ఇంజన్ ఆపలేదు. అంత తోలాక వెంటనే ఆపేస్తే టర్బోలో ఆయిల్ మాడిపోతుంది. అది చల్లారేదాకా సీటుకు తల ఆన్చి కళ్ళు మూసుకోవడం ఆయనకు ఎప్పటి నుంచో అలవాటు. ఆ సమయంలో ఎవరూ కదిలించరు. కూతురు దూరం నుంచి చూసి ఊరుకుంది.

వెల్డరు చేతులు కడుక్కుని వచ్చాడు. "ఇవాళ మరీ సాగదీస్తున్నాడు. కూతురి బండి కదా" అన్నాడు.

ఇంజన్ మెత్తగా తిరుగుతూనే ఉంది. ఆమె టీ గ్లాసు పట్టుకుని వెళ్ళి తలుపు తీసింది. "నాన్నా, చల్లారిందిలే, దిగు."

ఆయన తల పక్కకు వాలి ఉంది. ఊపిరి లేదు. తాళం తిప్పి ఇంజన్ ఆపడానికి ఆమెకు చెయ్యి రాలేదు. వెల్డరే వచ్చి ఆపాడు.

పందెం ముందురోజు ఆమె షెడ్డుకొచ్చి బానెట్ ఎత్తింది. అన్నిటి మీదా గీతలున్నాయి, ఆ ఒక్క స్క్రూ మీద తప్ప.

"చెప్పకుండానే పోయాడు మావయ్యా, చాలో చాలదో" అంది వెల్డరుతో. చేతిలో స్పానర్ ఉంది. పావు చుట్టు తిప్పినా ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు.

ముందు సీటు తనకు సరిపోయేలా జరుపుకుందామని వంగింది. సీటు కింద చేతికి పెన్ను తగిలింది. మూత పెడల్ పక్కన విడిగా పడి ఉంది.

ఆమె పెన్నునూ మూతనూ చేతిలోకి తీసుకుంది. తర్వాత లేచి స్పానర్‌ను గోడకున్న మేకుకు తగిలించేసింది. "చాలన్నాడు మావయ్యా" అంది.

గీత తనే గీద్దామని పెన్ను మొనను స్క్రూ మీద పెట్టి ఎంత నొక్కినా రంగు దిగలేదు. పసుపు మొన మీదే గట్టిపడిపోయి ఉంది.